మిగిలిన దాంట్లో మూడో వంతు అనగానే మా పాప ఆగిపోతోంది, భిన్నాల రాత లెక్కలు ఎట్టా చెప్పాలి?

బ్రాడీపేట అమ్మ అడిగారు:

అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాప ఐదో తరగతి, ఈసారి నవోదయ ఎంట్రన్స్ రాయిస్తున్నాం. మొత్తం 80 ప్రశ్నలు, రెండు గంటల టైము, అందులో లెక్కలవి 20, ఒక్కోదానికి ఒకటింపావు మార్కు. ఉత్త భిన్నాలు ఇచ్చి కూడమన్నా తీసేయమన్నా గబగబా చేసేస్తుంది, కసాగు తీస్తుంది, హారాలు సమానం చేస్తుంది, అన్నీ వచ్చు. అదే భిన్నాన్ని నాలుగు లైన్ల కథలో పెట్టి ఇచ్చామంటే పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటుంది, లేదంటే కనపడిన అంకెలన్నీ కలిపేసి ఏదో ఒకటి రాసేస్తుంది.

నిన్న రాత్రి చేసిన లెక్క ఇది. ఒక రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, యార్డుకి తెచ్చాడు. మొదటి రోజు 2/5 వంతు అమ్మాడు. రెండో రోజు మిగిలిన వాటిలో 1/3 వంతు అమ్మాడు. ఇంకా 48 టిక్కీలు ఉన్నాయి. మొదట తెచ్చినవి ఎన్ని?

పాప ఏం చేసిందంటే 2/5 ప్లస్ 1/3, మొత్తం 11/15 అమ్మేశాడు, కాబట్టి మిగిలింది 4/15, అది 48 అయితే ఒక్కో భాగం 12, పదిహేను భాగాలు 180 అని రాసింది. నేను చూసి కరెక్టే అనుకుని టిక్కు కూడా పెట్టానండి, ఎందుకంటే ఎక్కడా తెగకుండా పూర్తి అంకె వచ్చింది కదా. తీరా వెనక జవాబులు చూస్తే 120. అక్కడి నుంచి తను ఏడుపు, నాకేమో ఎక్కడ తప్పిందో చెప్పడం చేతకాలేదు.

ట్యూషన్లో ఒక లిస్టు చెప్పారంట, మొత్తం అంటే కూడాలి, మిగిలిన అంటే తీసెయ్యాలి, లో అని వస్తే గుణించాలి అని. అది నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది, లెక్క చదవగానే ముందు ఆ అట్ట తిప్పి చూస్తుంది. నేను బీకాం చదివాను, ఎక్స్ అనుకుని చేస్తే నాకు వస్తుంది గానీ ఐదో తరగతి పిల్లకి ఎక్స్ ఎట్టా చెప్తాం? ఎవరైనా ఒక్కో మెట్టూ ఎట్టా ఎక్కించాలో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు:

అమ్మా, నేను విజయవాడ ప్రభుత్వ హైస్కూల్లో ఇరవయ్యేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ముందు పాపని ఏమీ అనకండి. తను కూడికలో తప్పు చెయ్యలేదు, భాగహారంలో తప్పు చెయ్యలేదు. 2/5, 1/3 కలిపితే 11/15 అనేది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కాకపోతే ఆ రెండూ కలపదగినవి కావు. రూపాయిలో పావు ఉంది, వంద నోటులో పావు ఉంది, రెండూ పావులే కదా అని కలిపి అర అంటామా? ఒకటి పావలా, ఇంకోటి పాతిక రూపాయలు. ఇక్కడా అంతే, 2/5 అనేది తెచ్చిన సరుకు మొత్తంలో, 1/3 అనేది అమ్మగా మిగిలిన సరుకులో. భిన్నం ఎప్పుడూ ఒంటరిగా ఉండదమ్మా, దేనిలో అనేది దాని వెనకాలే ఉంటుంది. నా అనుభవంలో ఈ రాత లెక్కల్లో పిల్లలు తప్పే చోటు ముప్పావు వంతు ఇదే.

అట్ట మీద లిస్టు పక్కన పెట్టించండి. చింపమని అనను, పిల్ల మనసు నొచ్చుకుంటుంది. కానీ మీ లెక్కలోనే చూడండి, మిగిలిన అనే మాట ఉంది, అక్కడ చెయ్యాల్సింది తీసివేత ఒక్కటే కాదు, మిగిలిన దాన్ని మళ్లీ మూడు భాగాలు చెయ్యాలి. మాటని పట్టుకుని పని నిర్ణయిస్తే కథ చదవాల్సిన అవసరం లేదని పిల్లలకి అలవాటైపోతుంది.

నేను క్లాసులో చేసేది చెప్తాను. ముందు లెక్కని అంకెలు లేకుండా చెప్పమంటాను. పుస్తకం మూసేసి చెప్పాలి. రైతు సరుకు తెచ్చాడు, కొంత అమ్మాడు, మిగిలిన దాంట్లో ఇంకొంత అమ్మాడు, చివరికి కొంత ఉంది, మొదట ఎంత తెచ్చాడో చెప్పాలి. ఈ ఐదు ముక్కలు పిల్ల నోటి వెంట వచ్చాయంటే సగం పని అయినట్టే, ఎందుకంటే తెలిసింది చివరిది, అడిగింది మొదటిది అని తనకే అర్థమవుతుంది. ఇది చెప్పలేకపోతే పెన్సిలు పట్టనివ్వను. ఇంకోసారి చదవమంటాను.

తర్వాత పుస్తకం తెరిచి ప్రతి భిన్నం కింద గీత గీసి, దేనిలో అని అడిగి ఆ జవాబు గీత కింద రాయించండి. 2/5 కింద తెచ్చిన వాటిలో అని, 1/3 కింద మిగిలిన వాటిలో అని. రెండు మాటలు వేరుగా కనపడ్డాయా, ఇక వాటిని నేరుగా కూడకూడదు. అంతే రూలు.

ఇప్పుడు బొమ్మ. ఇక్కడ మన తెలుగు మనకి సాయం చేస్తుంది. టూ బై ఫైవ్ అంటే పిల్లకి ఒకదాని మీద ఒకటి రెండు అంకెలు కనపడతాయి. అదే అయిదింట రెండు వంతులు అనిపించండి. ముందు అయిదు చెయ్యి, అందులో రెండు తీసుకో అని ఆ మాటలోనే వరస ఉంది. పొడుగ్గా ఒక పట్టీ గీసి అయిదు గళ్లు చెయ్యమనండి. రెండు గళ్లు కొట్టేయమనండి, మొదటి రోజు అమ్మినవి. మిగిలినవి ఎన్ని గళ్లు? మూడు. ఇప్పుడు మూడింట ఒకటి, ఏ మూడింట? ఆ మిగిలిన మూడు గళ్లలో. అంటే ఒక గడి. అదీ కొట్టేయమనండి. ఇంకా రెండు గళ్లు ఉన్నాయి, అవే 48 టిక్కీలు. ఒక గడికి 24. అయిదు గళ్లు 120. చూశారా, ఎక్కడా కసాగు లేదు, ఎక్స్ లేదు, భిన్నాల గుణకారం కూడా లేదు.

చివరిది ఎవరూ చెయ్యరు గానీ అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన జవాబుని మళ్లీ కథలో పెట్టి నడిపించాలి. 120లో అయిదింట రెండు 48 అమ్మాడు, ఉన్నవి 72, అందులో మూడో వంతు 24 అమ్మాడు, ఉన్నవి 48. కుదిరింది. పాప 180ని కూడా ఇట్టాగే నడిపించమనండి. 72 అమ్మాడు, 108 ఉన్నాయి, 36 అమ్మాడు, 72 మిగిలాయి. లెక్కలో 48 అన్నాడే! అంకె తెగకుండా వచ్చినంత మాత్రాన కరెక్టు కాదని తనే పట్టుకుంటుంది. మనం తప్పు అని చెప్పడం వేరు, తనే పట్టుకోవడం వేరు.

మిర్చియార్డు గుమస్తా:

మాస్టారు చెప్పింది బాగుందండి, నేను గుంటూరు యార్డులో కమిషన్ కొట్లో పుస్తకాలు రాస్తాను కాబట్టి టిక్కీల లెక్క అనగానే ఆగి చదివాను. మా పని చూస్తే పాపకి తేలిగ్గా అర్థమవుతుంది అనిపించింది. మేము పొద్దున్నే కొత్త లైను మొదలుపెట్టి ముందు నిల్వ ఎంత అని రాస్తాం, ఆ రోజు అమ్మింది తీసేస్తాం, సాయంత్రం ఎంత ఉందో అదే రేపటి లైనుకి మొదలు. నిన్న ఎంత ఉండేదో ఇవాళ లైనుకి అక్కర్లేదు. మిగిలిన దాంట్లో అని వచ్చిన ప్రతిసారీ కొత్త రోజు మొదలైంది, కొత్త లైను రాయి అని చెప్పండి మేడం. మొదటి రోజు పొద్దున నిల్వ తెలీదు, అయిదు గళ్లు. సాయంత్రం మూడు గళ్లు. రెండో రోజు పొద్దున మూడు గళ్లు, సాయంత్రం రెండు. ఇట్టా రెండు లైన్లు రాస్తే అయిపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మా దగ్గరకి వచ్చే చదువుకున్న కుర్రాళ్లు కూడా పొరపడతారు. క్వింటా 16000 ఉన్న సరుకు నాలుగో వంతు పెరిగింది అనుకోండి, తర్వాత నాలుగో వంతు తగ్గింది. పాత రేటుకే వచ్చిందా అంటే వచ్చిందనే అంటారు. 16000లో పావు 4000, పెరిగి 20000 అయింది. తగ్గేటప్పుడు పావు అనేది 20000లో, అంటే 5000. చివరికి 15000. క్వింటాకి వెయ్యి రూపాయలు తేడా అంటే రైతుకి చిన్న విషయం కాదండి. పెరిగిన పావు, తగ్గిన పావు ఒకటి కాదు. మాస్టారు అడగమన్న ప్రశ్నే, దేనిలో పావు?

భవానీపురం నుంచి ఒక అమ్మ:

నాదీ ఇదే బాధ అండి, మా బాబు ఆరో తరగతి. ఒక విషయం మీరు కూడా చెక్ చేసుకోండి బ్రాడీపేట అక్కా. మా వాడికి లెక్క రాక కాదు, ఇంగ్లీషులో చదివిన వాక్యం అర్థం కాక. రిమైండర్‌లో మూడో వంతు అని లెక్కలో ఉంటే, రిమైండర్ అంటే భాగహారంలో చివర్లో వచ్చే శేషం అనుకుని దేన్ని దేనితో భాగించాలా అని వెతుకుతూ కూర్చున్నాడు. పావుగంట పోయింది. నేను వంటింట్లోంచి వచ్చి మిగిలినదిరా నాయనా అంటే టక్కున చేశాడు.

ప్రభుత్వ స్కూలు పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, మాది ప్రైవేటు స్కూలు అయినా పక్కింటి వాళ్ల దగ్గర ఆ పుస్తకం తీసుకున్నాను. రెండు వైపులా చదివిస్తున్నా. ముందు తెలుగులో కథ చెప్పించి తర్వాత ఇంగ్లీషులో ఏ మాట దానికి సరిపోతుందో చూపించమంటే నెమ్మదిగా దారిలో పడుతున్నాడు. నవోదయ పేపరు తెలుగులో కూడా రాసుకోవచ్చు కాబట్టి మీరు అప్లికేషన్లో ఏ భాష పెట్టారో దాన్ని బట్టి ప్రాక్టీసు చేయించండి, ఇది చాలామంది పట్టించుకోరు.

మాకు బ్యారేజీ దగ్గర కాబట్టి నేను మా వాడికి ఇట్టా ఒక లెక్క కట్టాను, మీ పాపకి కూడా ఇవ్వండి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. పొద్దున వాటిలో 2/5 వంతు ఎత్తారు. వరద పెరిగి మధ్యాహ్నం మిగిలిన వాటిలో 1/3 వంతు ఎత్తారు. ఇంకా మూసి ఉన్నవి ఎన్ని? మా వాడు కూడా ముందు 11/15 అని కలిపి 70తో గుణిస్తే 51, పైన మూడో వంతు వచ్చింది. గేట్ల సంఖ్య అట్టా ఎట్టా వస్తుంది అమ్మా అని వాడే ఆగాడు. తర్వాత పొద్దున 28, మిగిలినవి 42, మధ్యాహ్నం 14, మూసి ఉన్నవి 28 అని చేశాడు. మీ లెక్కలో ఉన్న భిన్నాలే పెట్టాను కావాలనే, అక్కడ చివరిది ఇచ్చి మొదటిది అడిగారు, ఇక్కడ మొదటిది ఇచ్చి చివరిది అడిగాను. వరద రోజుల్లో బస్సులో బ్యారేజీ మీదుగా వెళ్తుంటే వాడు గేట్లు లెక్కపెట్టేవాడు, అందుకని ఈ లెక్క మీద వాడికి ఇష్టం.

బ్రాడీపేట అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మాస్టారు గారూ, నిన్న సాయంత్రం మీరు చెప్పినట్టే పట్టీ గీయించాను. 180ని కథలో నడిపించమంటే మొదట మొహం ముడుచుకుంది, 72 మిగిలాయి అని రాగానే, అమ్మా ఇది తప్పు, నేనే కనిపెట్టా అని గెంతింది. భవానీపురం చెల్లెమ్మ లెక్క కూడా చేసింది, 28 వచ్చింది.

కానీ ఇంకో లెక్క దగ్గర పట్టీ పని చెయ్యలేదు. ఒకాయన తన దగ్గరున్న డబ్బులో 1/4 వంతు పుస్తకాలకి పెట్టాడు, మిగిలిన దాంట్లో 2/5 వంతు బట్టలకి పెట్టాడు, ఇంకా 270 రూపాయలు ఉన్నాయి, మొదట ఎంత? నాలుగు గళ్లు గీసి ఒకటి కొట్టేసింది. మూడు గళ్లు ఉన్నాయి. ఆ మూడు గళ్లలో అయిదింట రెండు ఎట్టా తియ్యాలి అని అడుగుతోంది. నాకూ తోచలేదు. మూడు గళ్లని అయిదు చెయ్యడం ఎట్టా?

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు:

పాప సరైన చోటే ఆగిందమ్మా, మంచి ప్రశ్న. గళ్లు సరిపోకపోతే ఇంకా చిన్నగా కొయ్యాలి. ప్రతి గడినీ అయిదు ముక్కలు చెయ్యమనండి, పట్టీ పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా నాలుగు గీతలు గీస్తే చాలు, అన్ని గళ్లూ ఒకేసారి అయిదేసి ముక్కలవుతాయి. ఇప్పుడు మొత్తం 20 చిన్న గళ్లు. పుస్తకాలకి 5 పోయాయి, మిగిలినవి 15. పదిహేనులో అయిదో వంతు 3, అయిదింట రెండు అంటే 6, అవి బట్టలకి. ఉన్నవి 9 గళ్లు, 270 రూపాయలు. ఒక గడికి 30, ఇరవై గళ్లు 600. నడిపించి చూడండి, 150 పుస్తకాలకి, ఉన్నవి 450, అందులో 180 బట్టలకి, ఉన్నవి 270.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాపకి కసాగు తియ్యడం వచ్చు అన్నారు కదా, కసాగు ఎందుకు తీస్తామో ఇప్పుడు చూపించండి. నాలుగు ముక్కలకీ అయిదు ముక్కలకీ ఇద్దరికీ పనికొచ్చే చిన్న గడి కావాలి, అందుకే ఇరవై. హారాలు సమానం చెయ్యడం అంటే అందరికీ ఒకే సైజు గడి తయారు చెయ్యడం. ఇది కంటితో చూసిన పిల్ల ఇక ఆ పద్ధతి మర్చిపోదు.

గుంటూరు బీఈడీ కుర్రాడు:

మాస్టారూ మీ మీద గౌరవంతోనే ఒక మాట. పరీక్షలో 80 ప్రశ్నలకి 120 నిమిషాలు, అంటే ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. పట్టీలు గీసి అడ్డగీతలు కొట్టి కూర్చుంటే టైము చాలదు కదా. అమ్మింది వదిలేసి ఎప్పుడూ మిగిలిన వంతునే పట్టుకుంటే తొందరగా అయిపోతుంది. 2/5 అమ్మితే మిగిలింది 3/5. అందులో 1/3 అమ్మితే అందులో మిగిలింది 2/3. 3/5 ఇంటూ 2/3, అంటే 2/5. అది 48, కాబట్టి మొత్తం 120. రెండో లెక్కలో 3/4 ఇంటూ 3/5, అంటే 9/20, అది 270. రెండు లైన్లు. నేను ట్యూషన్ పిల్లలకి ఇదే చెప్తున్నా.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు:

తమ్ముడూ నువ్వు చెప్పింది ముమ్మాటికీ కరెక్టు, చివరికి పిల్ల చేరాల్సింది అక్కడికే. కానీ 3/5 ఇంటూ 2/3 ఎందుకు గుణించాలి అని అడిగితే జవాబు ఆ పట్టీలోనే ఉంది, అయిదు గళ్లలో మూడు, ఆ మూడింట్లో రెండు. ఆ బొమ్మ లేకుండా ముందే ఇంటూ నేర్పితే అది కూడా అట్ట మీద లిస్టులో ఇంకో లైను అవుతుంది. మొదటి రెండు వారాలు గీయనియ్యి, తర్వాత గీయమన్నా గీయరు, తలలోనే గీసుకుంటారు. పరీక్ష ముందు నెల నీ పద్ధతిలో స్పీడు పెంచొచ్చు. పైగా నవోదయలో తప్పు రాస్తే మార్కు కొయ్యరు, భయపడి వదిలేయాల్సిన పని లేదు, అది కూడా పాపకి చెప్పండి అమ్మా.

కారం పొడి కొట్టే అక్క, లక్ష్మీపురం:

నేను ఇంట్లోనే కారం కొట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముతాను, చదువు పదో తరగతే, అయినా ఒకటి చెప్పాలనిపించింది. భిన్నాల భాగహారం లెక్కలు వచ్చినప్పుడు మా అమ్మాయి తిరగేసి గుణించు అని బట్టీ పట్టింది, ఎందుకు తిరగెయ్యాలో చెప్పమంటే టీచర్ చెప్పారు అంటుంది. నేను మా పని చూపించాను. 6 కిలోల కారం ఉంది, ముప్పావు కిలో ప్యాకెట్లు ఎన్ని అవుతాయి? నేనైతే ముందు పావులు లెక్కపెడతా. కిలోకి నాలుగు పావులు, ఆరు కిలోలకి 24 పావులు. ప్యాకెట్‌కి మూడు పావులు. 24ని మూడుతో భాగిస్తే 8 ప్యాకెట్లు. మా అమ్మాయి పుస్తకంలో చూస్తే అదే ఉంది, 6 ఇంటూ 4, కింద 3. నాలుగుతో గుణించింది పావులు చెయ్యడానికి, మూడుతో భాగించింది ప్యాకెట్లు కట్టడానికి. తిరగేసేది అందుకే అమ్మా అంటే అప్పుడు దాని కళ్లు వెలిగాయి.

అయితే ఇంకోరోజు 5 కిలోలకి అడిగాను. 20 పావులు, మూడుతో భాగిస్తే 6 ప్యాకెట్లు, పైన 2/3 అని రాసింది. సరే ఎంత కారం మిగిలింది అంటే 2/3 కిలో అంది. కాటా మీద పెట్టి చూపించాను, మిగిలింది రెండు పావులు, అంటే అరకిలో. 2/3 ఎక్కడికి పోయింది అని ఇద్దరం కాసేపు చూస్తూ ఉండిపోయాం. తర్వాత తెలిసింది, అది ప్యాకెట్‌లో 2/3, కిలోలో కాదు. మూడు పావుల ప్యాకెట్‌లో రెండు పావులు. మాస్టారు గారు పైన రాసింది చదివాక నాకు ఇదే గుర్తొచ్చి రాస్తున్నా.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు:

అమ్మా మీరు కాటా మీద చూపించింది నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకి ఎక్కదు. రేపు నా క్లాసుకి కాటా, కిలో ఉప్పు ప్యాకెట్లు తీసుకెళ్తున్నాను.

అరండల్‌పేట పెద్దాయన:

నేను ఉద్యోగం నుంచి రిటైరై మనవడికి లెక్కలు చెప్పుకుంటున్నాను. పాపకి ఒక పాత లెక్క ఇస్తాను, భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోది. ఒక తుమ్మెదల గుంపు ఉంది. అందులో అయిదో వంతు కదంబ పువ్వు మీదకి వెళ్లాయి, మూడో వంతు శిలీంధ్ర పువ్వు మీదకి వెళ్లాయి, ఆ రెండిటికీ ఉన్న తేడాకి మూడు రెట్లు కుటజ పువ్వు మీదకి వెళ్లాయి. ఒక్క తుమ్మెద మాత్రం గాల్లో తిరుగుతూ ఉంది. మొత్తం ఎన్ని?

ఇది ఎందుకు ఇస్తున్నానంటే, ఇప్పటిదాకా వచ్చినవన్నీ మిగిలిన దాంట్లో లెక్కలు. పాప ఇక భిన్నాలు ఎక్కడా కూడకూడదు అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ ప్రతి వంతూ ఒకే గుంపులోది, కాబట్టి కూడాల్సిందే. దేనిలో అని అడిగితేనే కూడాలా వద్దా తెలుస్తుంది.

మన తెలుగు వాళ్లకి ఈ లెక్కలు కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి ఎప్పుడో తెచ్చాడు. మా చిన్నప్పుడు రూపాయికి పదహారు అణాలు, అణా అంటే రూపాయిలో వీసం, పావలా అంటే నాలుగు అణాలు, ముప్పావలా అంటే పన్నెండు. పదహారు గళ్ల పట్టీ ప్రతి పిల్లాడి జేబులో ఉండేది.

బ్రాడీపేట అమ్మ:

రెండు రోజులు ఆగి రాస్తున్నానండి, ఏమీ అనుకోకండి. తుమ్మెదల లెక్క ఇచ్చాను. పాప ప్రతి భిన్నం కింద గుంపులో, గుంపులో అని రెండుసార్లు రాసుకుంది, రెండూ ఒకటే కాబట్టి కూడొచ్చు కదమ్మా అని అడిగింది. పదిహేను గళ్లు గీసింది. కదంబానికి 3, శిలీంధ్రానికి 5, తేడా 2, దానికి మూడు రెట్లు 6, మొత్తం 14. ఒక గడి ఉంది, ఒక తుమ్మెద ఉంది. 15 అని రాసి కథలో నడిపించింది కూడా నేను చెప్పకుండానే.

గుమస్తా గారు చెప్పిన రోజుకో లైను పద్ధతి తనకి బాగా నచ్చింది, ఇప్పుడు ప్రతి లెక్కకీ పొద్దున, సాయంత్రం అని రాసుకుంటోంది. ఇంకో విషయం, మా వీధి బోర్డుల మీద 4/14 అని ఉంటుంది కదా, నాలుగో లైను పధ్నాలుగో అడ్డరోడ్డు, అది చూసి ఇది దేనిలో 4/14 అమ్మా అని అడిగింది, అది భిన్నం కాదమ్మా అడ్రసు అని చెప్పాను.

నిన్న తనే సొంతంగా ఒక లెక్క తయారు చేసింది, ఇక్కడ పెట్టమంది. అమ్మ 24 ఇడ్లీలు వేసింది. నాన్న వాటిలో 1/4 వంతు తిన్నాడు. మిగిలిన వాటిలో 1/3 వంతు నేను తిన్నాను. ఇంకా ఎన్ని ఉన్నాయి? జవాబు 12 అని రాసింది, అది కరెక్టే. కానీ ఆ తర్వాత నోటు పుస్తకం పట్టుకొచ్చి, అమ్మా నాన్న తిన్నది నాలుగో వంతు, నేను తిన్నది మూడో వంతు, మూడో వంతు పెద్దది కదా, మరి ఇద్దరమూ ఆరేసి ఇడ్లీలే ఎందుకు తిన్నాం అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే, ఓహో నావి పద్దెనిమిదిలో కదా అనుకుంటూ వెళ్లిపోయింది.